నానోరేణువులు - రక్తనాళాంకురణం: కోడిపిండ పరీక్షావిధానం - ఒక వివేచన

వ్యాససంగ్రహం:

పొదుగుతున్న కోడిగుడ్డు పెంకు లోపలివైపున ఒక పలుచని పొర ఏర్పడుతుంది. కొద్ది రోజుల్లోనే ఈ పొర నిండా రక్తనాళాలు అల్లుకుంటాయి. ఏదైనా ఒక పదార్థం రక్తనాళాల పెరుగుదలను ప్రేరేపిస్తుందా, నిరోధిస్తుందా అని కంటితో చూసి తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఈ పొరను పరీక్షాక్షేత్రంగా ఉపయోగిస్తున్నారు. బంగారం, వెండి, జింక్ ఆక్సైడ్, గ్రాఫీన్ ఆక్సైడ్ వంటి నానోరేణువుల ప్రభావాన్ని పరీక్షించడంలో ఈ విధానానికి ముఖ్యమైన స్థానం ఉంది. ఆ పరీక్ష జరిగే క్రమాన్ని, హైదరాబాదు పరిశోధనల నేపథ్యాన్ని, ఫలితాలను చదివేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే పారిభాషిక సమస్యలనూ చర్చిస్తుంది. కోడిపిండ పరీక్ష గీటురాయి వంటిదే తప్ప తుది తీర్పు కాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: నానోరేణువు, రక్తనాళాంకురణం, కోడిపిండం, పరాయు-అళింద త్వచం, నియంత్రణ బృందం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

మధుమేహం ముదిరిన ఒక రోగిని ఊహించుకుందాం. అతని పాదంపై పుండు నెలల తరబడి మానదు. ఆ చోటికి రక్తాన్ని చేరవేసే సన్నని నాళాలు తగినన్ని లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. అదే రోగి కంటి రెటీనాలో దీనికి విరుద్ధమైన స్థితి ఏర్పడవచ్చు. అక్కడ అవసరం లేని కొత్త నాళాలు పుట్టి, చిట్లి, రక్తం కారి చూపును హరిస్తాయి. ఒకే దేహంలో ఒకచోట రక్తనాళాలు పెరగాలి, మరొకచోట పెరగకూడదు. ఈ వైరుధ్యాన్ని దృష్టిలో ఉంచుకుంటే "ఫలానా నానోరేణువు రక్తనాళాలను పెంచుతుంది" అన్న వాక్యం దానంతట అదే శుభవార్త కాదని, "తగ్గిస్తుంది" అన్న వాక్యం దానంతట అదే ప్రమాద సూచన కాదని తెలుస్తుంది. ఎక్కడ, ఎంత మోతాదులో, ఏ రూపంలో అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతే ఆ వాక్యానికి అర్థం ఏర్పడుతుంది.

ఈ ప్రశ్నలకు తొలి సమాధానం ఇవ్వగల సులభమైన సాధనం పొదిగిన కోడిగుడ్డు. యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో జంతుశాస్త్రం చదివినవారికి కోడిపిండపు 24, 48, 72, 96 గంటల దశల స్లైడ్లు పరిచితమైనవే. ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల కూడా ఉంది. ఖరీదైన జంతుశాలలు లేనిచోట కూడా అర్థం చేసుకోదగిన పరీక్ష ఇది. సులభంగా చేయగల పరీక్షను సులభంగా అపార్థం చేసుకునే అవకాశమూ ఉంటుంది. అందువల్ల ఈ విధానాన్ని, దాని హద్దులను కలిపి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో ప్రత్యక్షంగా కనిపించే మూడు పదార్థాలను, అంటే ప్రొద్దుటూరు బంగారాన్ని, జమ్మలమడుగు ప్రాంతపు సున్నపురాయిని, పులివెందుల ప్రాంతపు రాతినారను వివరణకు ఉదాహరణలుగా తీసుకుంటున్నాను.

2. పరిభాషా నిర్ణయం:

ఈ విషయాన్ని తెలుగులో రాయబోయేవారికి మొదటి వాక్యంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'కణం' అన్న మాట రెండు అర్థాల్లో స్థిరపడింది. భౌతిక, రసాయన శాస్త్రాల్లో అది పదార్థపు అతి చిన్న తునక. జీవశాస్త్రంలో అది ప్రాణి శరీరానికి మూల ఘటకం. 'నానోకణం' అన్న మాటను వార్తాపత్రికలు విరివిగా వాడుతున్నాయి. అప్పుడు "నానోకణాలు కణాల్లోకి ప్రవేశించి కణాల సంఖ్యను పెంచుతాయి" అన్న వాక్యంలో ఏది లోహపు తునక, ఏది జీవి భాగం అన్నది పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసి వస్తుంది. పరిశోధనా వ్యాసంలో ఇటువంటి ఊహకు తావు ఉండకూడదు. కాబట్టి జీవశాస్త్రార్థంలో 'కణం' అన్న మాటను యథాతథంగా ఉంచి, పదార్థపు తునకకు 'రేణువు' అన్న మాటను ఇక్కడ స్వీకరిస్తున్నాను. 'ఇసుక రేణువు', 'ధూళి రేణువు' అన్న వాడుకలు జనవ్యవహారంలో ఉన్నవే గనుక 'నానోరేణువు' పాఠకునికి కొత్తగా తోచదు.

రెండో చిక్కు 'యాంజియోజెనిసిస్' అన్న పదంతో వస్తుంది. దీనిని 'రక్తనాళ జననం' అని అనువదించడం పరిపాటి. అయితే పిండంలో రక్తనాళాలు రెండు విధాలుగా ఏర్పడతాయి. నాళాలు అసలే లేనిచోట మూలకణాలు గుమికూడి తొలి నాళాలుగా రూపొందడం మొదటిది. దీనిని 'వాస్క్యులోజెనిసిస్' అంటారు. ఉన్న నాళం పక్కనుంచి మొలకలాగా కొత్త నాళం పుట్టి సాగడం రెండోది. ఇదే యాంజియోజెనిసిస్. 'జననం' అన్న మాట మొదటిదానికే ఎక్కువగా సరిపోతుంది. రెండో ప్రక్రియకు 'రక్తనాళాంకురణం' అన్న పదం తగినది. అంకురం అంటే మొలక. మాటలోనే ప్రక్రియ రూపం కనిపిస్తుంది.

మూడోది గుడ్డులోని పొర పేరు. తెలుగు జంతుశాస్త్ర గ్రంథాల్లో పిండాన్ని చుట్టి ఉండే పొరలకు ఉల్బం, పరాయువు, అళిందం అన్న పేర్లు ఉన్నాయి. పరాయువు, అళిందం కలిసి ఏర్పడే పొరను 'పరాయు-అళింద త్వచం' అనవచ్చు. ప్రయోగశాలల్లో దీన్ని పొడి అక్షరాలతో 'క్యామ్' అంటారు. ఇకపై ఈ వ్యాసంలో 'క్యామ్ పొర' అనే వ్యవహరిస్తాను.

3. క్యామ్ పొర స్వరూపం:

కోడిపిల్ల గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. రెండో రోజుకే పిండం గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నాలుగైదు రోజుల గుడ్డును చీకటిలో దీపానికి అడ్డంపెట్టి చూస్తే సాలెగూడు వంటి ఎర్రని అల్లిక కనిపిస్తుంది. అది ప్రధానంగా పచ్చసొనను కప్పి ఉన్న నాళాల వల. దానిని క్యామ్ పొరగా పొరబడకూడదు.

అళిందం మూడు నాలుగు రోజుల వయసులో పిండం వెనుక భాగం నుంచి చిన్న తిత్తిలాగా పుడుతుంది. అది వేగంగా ఉబ్బి, బయట ఉన్న పరాయువును తాకి దానితో కలిసిపోతుంది. సుమారు ఐదారు రోజుల వయసు నుంచి ఈ కలయిక సాగి, పన్నెండో రోజుకల్లా పెంకు లోపలి తలమంతా క్యామ్ పొర పరుచుకుంటుంది. దీనిలోని రక్తనాళాలు పది, పదకొండు రోజుల వరకు ఉధృతంగా పెరుగుతాయి. తర్వాత ఆ వేగం తగ్గుతుంది. పరీక్షకు అనువైన కాలం ఈ ఉధృతి దశే.

ఈ పొర పిండానికి ఊపిరితిత్తి వంటిది. పెంకులోని సన్నని రంధ్రాల ద్వారా లోపలికి వచ్చే ఆక్సిజన్‌ను గ్రహించి, బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతుంది. మరొక పని కూడా చేస్తుంది. పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో తవ్వి తీసే సున్నపురాయి కూడా ముఖ్యంగా ఆ పదార్థమే. క్యామ్ పొర పెంకు నుంచి కాల్షియాన్ని కరిగించి తీసుకొని పిండం ఎముకల నిర్మాణానికి అందిస్తుంది. ఇన్ని పనులు చేసే పొర కాబట్టే దానికి అంత దట్టమైన నాళాల అల్లిక అవసరమైంది. ఆ అల్లిక పలుచని పొరపై దాదాపు సమతలంగా పరుచుకొని ఉండడం వల్ల పరిశోధకునికి అది గీసిన పటంలాగా కనిపిస్తుంది.

4. పరీక్షావిధాన చరిత్ర:

గుడ్డును రోజుకొకటి చొప్పున పగలగొట్టి పిండాభివృద్ధిని గమనించిన వివరాలు అరిస్టాటిల్ రచనల్లోనే ఉన్నాయి. 1661లో కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మ రక్తకేశనాళికలను దర్శించిన మార్సెల్లో మాల్పీఘీ తర్వాత కోడిపిండాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి వర్ణించాడు. 1911లో పేటన్ రౌస్, జేమ్స్ మర్ఫీ కోడి కణితిని క్యామ్ పొరపై నాటి పెంచారు. 1931లో ఆలిస్ వుడ్రఫ్, ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ అదే పొరపై కోళ్ల మశూచి వైరస్‌ను పెంచారు. గుడ్లలో వైరస్‌లను పెంచి టీకాలు తయారుచేసే సంప్రదాయానికి ఇది దారి చూపింది.

1971లో జూడా ఫోక్‌మన్ ఒక కీలక ప్రతిపాదన చేశాడు. కొత్త రక్తనాళాలను రప్పించుకోకుండా కణితి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగలేదని, కాబట్టి రక్తనాళాంకురణాన్ని ఆపితే కణితిని నియంత్రించవచ్చని ఆయన వాదించాడు. అక్కడి నుంచి రక్తనాళాంకురణాన్ని కొలిచే పరీక్షల అవసరం పెరిగింది. 1974లో రాబర్ట్ ఆవర్‌బాక్ బృందం కోడిపిండాన్ని పెంకు బయట పళ్లెంలో ఎక్కువ రోజులు పెంచే సులభ పద్ధతిని ప్రకటించింది. ఆ తర్వాత క్యామ్ పరీక్ష ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల నిత్యసాధనమైంది. రక్తనాళ వృద్ధి కారకమైన వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అన్న ఔషధానికి 2004లో అమెరికాలో అనుమతి లభించడంతో ఫోక్‌మన్ ఆలోచన వైద్యంలోకి అడుగుపెట్టింది.

5. బంగారం రేణువుగా మారినప్పుడు:

నానోమీటర్ అంటే మీటరులో వందకోట్ల వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉండే తునకలను నానోరేణువులు అంటారు. ఈ పరిమాణంలో పదార్థ ధర్మాలు మారిపోవడానికి ముఖ్య కారణం ఉపరితల వైశాల్యం. ఒక గ్రాము బంగారాన్ని ఘనంగా పోతపోస్తే దాని ఆరు ముఖాల వైశాల్యం మొత్తం ఒక చదరపు సెంటీమీటరు కూడా ఉండదు. అదే గ్రామును 10 నానోమీటర్ల గోళాలుగా విడగొడితే వాటి ఉపరితలం మొత్తం సుమారు 31 చదరపు మీటర్లు, అంటే 330 చదరపు అడుగులకు పైమాటే. బంగారు వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో ఒక చిన్న దుకాణం నేలంతా పరిచినంత వైశాల్యం అది. రంగు కూడా మారుతుంది. సుమారు 20 నానోమీటర్ల బంగారు రేణువులు నీటిలో కెంపు ఎరుపును చూపుతాయి. మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎరుపును వివరించడానికి ప్రయత్నించాడు.

జీవకణాల ప్రపంచంలో ఈ ఉపరితలమే కీలకం. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ప్రియబ్రత ముఖర్జీ బృందం బంగారు నానోరేణువులకు రక్తనాళాంకురణాన్ని నిరోధించే గుణం ఉందని ప్రకటించింది. వీఈజీఎఫ్-165 అన్న వృద్ధి కారకంలో హెపారిన్‌ను పట్టుకునే భాగానికి బంగారు రేణువు అతుక్కుంటుంది. అప్పుడు ఆ కారకం రక్తనాళ కణానికి సంకేతం ఇవ్వలేకపోతుంది. ఆ భాగం లేని వీఈజీఎఫ్-121పై బంగారం ఆ ప్రభావాన్ని చూపలేదు. రేణువు పరిమాణం, దాని ఉపరితలం కప్పులేకుండా ఉండడం కూడా ఈ పనికి ముఖ్యమని తర్వాతి పరిశోధనలు తెలిపాయి. కాబట్టి "బంగారం నాళాలను ఆపుతుంది" అనడం అసంపూర్ణ వాక్యం. ఏ పరిమాణపు బంగారం, ఏ పూతతో, ఏ కారకంపై అన్నది చెప్పితేనే ఆ వాక్యం పూర్తవుతుంది.

6. పరీక్షాక్రమం:

అంగడిలో దొరికే గుడ్డు ఈ పరీక్షకు పనికిరాదు. గుడ్ల ఫారాల్లో పుంజులు లేకుండా పెంచే పెట్టలు పెట్టిన గుడ్లలో పిండం ఉండదు. హేచరీ నుంచి ఫలదీకరణ చెందిన, ఒకే రోజున పెట్టిన, దాదాపు ఒకే బరువున్న గుడ్లను తెచ్చుకోవాలి. అక్కడి నుంచి పని ఈ వరుసలో సాగుతుంది.

మొదటి దశలో గుడ్ల పైతలాన్ని శుభ్రపరచి, సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 55 నుంచి 65 శాతం తేమలో పొదుగుపెట్టెలో ఉంచుతారు. రెండో దశలో, మూడో రోజు ప్రాంతంలో, పెంకుకు చిన్న రంధ్రం చేసి సూదితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొనను తీస్తారు. దీనివల్ల పిండం, పొరలు పెంకు నుంచి కొంచెం కిందికి దిగుతాయి. తర్వాత పెంకుపై ఒకటి రెండు సెంటీమీటర్ల కిటికీని కోసి, పలుచని అంటుపట్టీతో మూసి, గుడ్డును తిరిగి పొదుగుపెట్టెలో ఉంచుతారు. మూడో దశలో, ఏడెనిమిది రోజుల వయసులో, కిటికీ తెరిచి నానోరేణువుల ద్రవాన్ని చిన్న కాగితపు బిళ్లపైనో, జెలటిన్ స్పాంజిపైనో చేర్చి క్యామ్ పొరపై ఉంచుతారు. నాలుగో దశలో, రెండు మూడు రోజుల తర్వాత, ఆ చోటును ఒకే వెలుగులో, ఒకే దూరం నుంచి ఫోటో తీస్తారు. ఆ ఫోటోలలో నాళాల పొడవు, శాఖలు చీలే బిందువుల సంఖ్య, నాళాలు ఆక్రమించిన వైశాల్యం లెక్కిస్తారు. ఇందుకు ఇమేజ్‌జె వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

పెంకులోనే ఉంచి చేసే ఈ పద్ధతిలో పిండం బాగా బతుకుతుంది కానీ కిటికీ మేరకే చూడగలం. పిండాన్ని పళ్లెంలోకి మార్చి చేసే పద్ధతిలో పొరంతా కనిపిస్తుంది కానీ మరణాలు ఎక్కువ. ఏ పద్ధతిని, ఏ వయసులో వాడారో వ్యాసంలో స్పష్టంగా చెప్పడం తప్పనిసరి. నాలుగో రోజున చూసిన వల పచ్చసొన నాళాలదీ, పదో రోజున చూసినది క్యామ్ పొరదీ కావచ్చు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి పోల్చకూడదు.

7. హైదరాబాదు పరిశోధనలు - పరస్పర విరుద్ధ ఫలితాలు:

తెలుగు నేలపై ఈ రంగంలో చెప్పుకోదగిన కృషి హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్త చిత్తరంజన్ పాత్ర అంతకుముందు మేయో క్లినిక్ బృందంలో పనిచేస్తూ, యూరోపియం హైడ్రాక్సైడ్ నానోకడ్డీలు రక్తనాళాంకురణాన్ని ప్రేరేపిస్తాయని 2008లో సహపరిశోధకులతో కలిసి ప్రకటించారు. హైదరాబాదు బృందం 2012లో పువ్వు ఆకారంలో ఉన్న జింక్ ఆక్సైడ్ నానోరేణువులకు ఇటువంటి గుణమే ఉందని కోడిపిండ పరీక్షతో సహా పలు పరీక్షల ద్వారా చూపింది. 2015లో గ్రాఫీన్ ఆక్సైడ్ విషయంలోనూ రక్తనాళాంకురణ గుణాన్ని నివేదించింది.

ఈ పరిశోధనలు సూచించిన కార్యకారణ సంబంధం గమనించదగినది. ఇటువంటి రేణువులు కణాల్లో చురుకైన ఆక్సిజన్ రూపాలను, ఉదాహరణకు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, పుట్టిస్తాయి. అవి స్వల్ప మోతాదులో ఉన్నప్పుడు కణానికి సంకేతాలుగా పనిచేసి పెరుగుదలను ప్రేరేపిస్తాయి. అవే మోతాదు మించితే కణాన్ని గాయపరచి చంపుతాయి. అంటే ప్రేరణకూ, హానికీ మూలం ఒకటే. మోతాదు మాత్రమే వాటిని వేరుచేస్తుంది. ఒకే ఒక్క మోతాదుతో చేసిన పరీక్ష ఎందుకు చాలదో ఇక్కడ అర్థమవుతుంది.

వెండి విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టం. వెండి నానోరేణువులు రక్తనాళాంకురణాన్ని నిరోధిస్తాయని తమిళనాడుకు చెందిన ఒక బృందం 2009లో ప్రకటించింది. పాలీవినైల్ పైరోలిడోన్ అన్న పూత ఉన్న వెండి రేణువులు రక్తనాళాలను ప్రేరేపిస్తాయని మరొక బృందం 2011లో ప్రకటించింది. వీటిలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం అనుకోవలసిన పని లేదు. పూత మారితే రేణువు జీవకణానికి చూపించే ముఖమే మారుతుంది. 'వెండి' అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పదార్థాలను పరీక్షించినట్లే లెక్క.

8. నియంత్రణ బృందాలు - గీటు పక్కన గీటు:

బంగారపు నాణ్యాన్ని గీటురాయిపై పరీక్షించే పద్ధతి ప్రొద్దుటూరు వంటి పట్టణాల్లో చాలామంది చూసినదే. పరీక్షకుడు తెలియని నగతో రాయిపై గీటు గీసి ఊరుకోడు. నాణ్యం ముందే తెలిసిన బంగారంతో దాని పక్కన మరో గీటు గీస్తాడు. రెండింటినీ పోల్చి తీర్పు చెబుతాడు. పక్క గీటు లేనిదే మొదటి గీటుకు విలువ లేదు. శాస్త్రప్రయోగంలో నియంత్రణ బృందం చేసే పని ఇదే.

క్యామ్ పొర ఏ పదార్థం తాకకపోయినా నిమిషనిమిషానికి నాళాలను పెంచుకుంటూనే ఉంటుంది. అందువల్ల "రేణువులు వేశాక నాళాలు పెరిగాయి" అన్న పరిశీలన ఏమీ నిరూపించదు. కనీసం ఐదు బృందాలు ఉండాలి: ఏమీ వేయనివి, రేణువులు లేని ద్రవం మాత్రమే వేసినవి, వీఈజీఎఫ్ వంటి తెలిసిన ప్రేరకం వేసినవి, తెలిసిన నిరోధకం వేసినవి, నానోరేణువులు వేసినవి. లోహపు రేణువుల విషయంలో ఆరోది కూడా అవసరం. అది ఆ లోహపు లవణ ద్రావణం.

ఈ ఆరో బృందం ఎందుకో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ద్రవం మాత్రమే వేసిన గుడ్లలో సగటున 40 శాఖాబిందువులు, జింక్ ఆక్సైడ్ రేణువులు వేసిన గుడ్లలో 54 కనిపించాయనుకుందాం. పెరుగుదల 35 శాతం. పరిశోధకుడు సంతోషించవచ్చు. కానీ అంతే జింక్ ఉన్న లవణ ద్రావణం వేసిన గుడ్లలో 52 కనిపిస్తే, రేణువుకు ప్రత్యేకంగా దక్కే ఘనత బహు స్వల్పం. రేణువు కరిగి విడుదల చేసిన జింకే ఆ పని చేసి ఉండవచ్చు. ఆరో బృందం లేని వ్యాసంలో ఈ సందేహమే తలెత్తదు.

లెక్కల్లో మరొక జాగ్రత్త ఉంది. మూడు గుడ్ల నుంచి పదేసి ఫోటోలు తీస్తే ముప్పై ఫలితాలు రావు. స్వతంత్ర ప్రమాణం గుడ్డు, ఫోటో కాదు. ఆ ప్రయోగపు సంఖ్య మూడే. ఫోటో ఏ బృందానిదో తెలియని వ్యక్తి చేత లెక్కింపజేయడం, మరణించిన పిండాల సంఖ్యను దాచకుండా ప్రకటించడం కూడా తప్పనిసరి.

కొన్ని దృశ్యాలు చూపును మోసగిస్తాయి. కిటికీ కోసేటప్పుడు పెంకు పొడి పొరపై రాలితే అక్కడ వాపు వచ్చి నాళాలు గుమికూడతాయి. బిళ్ల బరువుకో, ఆరిపోవడం వల్లో పొర ముడుచుకుంటే, పాత నాళాలే చక్రపు ఆకుల్లాగా బిళ్ల వైపు లాగబడి కొత్తవిగా కనిపిస్తాయి. ద్రావణపు ఆమ్లత్వమో, ఉప్పదనమో ఎక్కువైనా పొర చికాకు పడుతుంది. ఆకుల రసాలతో తయారుచేసే 'హరిత' నానోరేణువుల్లో మిగిలిపోయిన రసమే ప్రభావాన్ని చూపవచ్చు. అటువంటప్పుడు ఆకురసానికి కూడా విడిగా ఒక బృందం ఉండాలి.

9. పరీక్ష పరిమితులు:

గీటురాయి నగ పైతలాన్నే చెబుతుంది. లోపల ఏముందో తెలియాలంటే కరిగించి పుటం పెట్టాలి. క్యామ్ పరీక్ష కూడా అటువంటిదే. అది రేణువుకు, పెరుగుతున్న నాళాలకు మధ్య ప్రత్యక్ష సంబంధాన్ని చూపుతుంది. రేణువు మనిషి కాలేయంలో ఎంతకాలం నిలుస్తుందో, ఊపిరితిత్తికి ఏం చేస్తుందో చెప్పదు.

థాలిడోమైడ్ ఉదంతం ఈ విషయంలో మరవరానిది. 1957 నుంచి 1961 వరకు గర్భిణులకు వికారం తగ్గించే మందుగా వాడిన ఈ పదార్థం వల్ల పదివేల మందికి పైగా శిశువులు అవయవలోపాలతో పుట్టారు. దీనికి రక్తనాళాంకురణాన్ని నిరోధించే గుణం ఉందని 1994లో ఫోక్‌మన్ ప్రయోగశాల కుందేలు కంటిపై చూపింది. 2009లో మరొక బృందం ఆ మందుకు సమరూపమైన ఒక పదార్థాన్ని కోడిపిండాలపై పరీక్షించింది. అది లేత రక్తనాళాలను నశింపజేయడం వల్లనే అవయవాలు ఎదగలేదని ఆ బృందం చూపింది. అదే థాలిడోమైడ్ నేడు మల్టిపుల్ మైలోమా అన్న రక్తక్యాన్సర్‌కు ఔషధం. ఒకే గుణం ఒకచోట ఔషధమై, మరొకచోట ఘోర విపత్తు అయింది.

పెరుగుదలను ప్రేరేపించే పదార్థాల చరిత్ర కూడా హెచ్చరికలు లేనిది కాదు. మధుమేహ పాదవ్రణాలకు 1997లో అమెరికాలో అనుమతి పొందిన బెకాప్లెర్మిన్ అన్న వృద్ధి కారక లేపనంపై 2008లో క్యాన్సర్ మరణాలకు సంబంధించిన తీవ్ర హెచ్చరికను చేర్చారు. మరిన్ని ఆధారాలు పరిశీలించి 2018లో దానిని తొలగించారు. సందేహం తీరడానికి పదేళ్లు పట్టింది. పుండుపై పూసే నానోరేణువుల విషయంలో ఇదే ప్రశ్న ముందుగానే అడగాలి: దేహంలో ఎక్కడైనా నిద్రాణంగా ఉన్న కణితి దగ్గరికి ఇవి చేరితే ఏమవుతుంది?

ఆకారం మరొక విషయం. పులివెందుల సమీపంలోని బ్రాహ్మణపల్లె పరిసరాల్లో రాతినార నిక్షేపాలు ఉన్నాయి, తవ్వకాలు జరిగాయి. రాతినార ప్రమాదం దాని రసాయన స్వభావం నుంచి మాత్రమే వచ్చింది కాదు. సన్నగా, పొడవుగా ఉండి ఊపిరితిత్తిలో దిగబడి అరగకుండా నిలిచే ఆకారం వల్ల కూడా వచ్చింది. పొడవైన కార్బన్ నానోగొట్టాలు ఎలుకల ఉదరకుహర పొరపై రాతినార వంటి ప్రభావాన్ని చూపాయని 2008లో ఒక అధ్యయనం తెలిపింది. ఇటువంటి ప్రమాదాలు రూపుకట్టడానికి ఏళ్లు పడతాయి. పది రోజుల కోడిపిండం వాటిని చూపలేదు. కాబట్టి క్యామ్ పొరపై హాని కనిపించకపోవడాన్ని 'సురక్షితం' అని అనువదించకూడదు.

10. నైతిక దృక్పథం:

గుడ్డులోని పిండాన్ని అనేక దేశాల నిబంధనలు బయటికి వచ్చిన కోడిపిల్లతో సమానంగా పరిగణించవు. క్యామ్ పరీక్ష విస్తృతంగా వాడుకలోకి రావడానికి ఇది కూడా ఒక కారణం. అయినా నొప్పిని గ్రహించే నాడీవ్యవస్థ పిండం వయసుతోపాటు వికసిస్తుంది. అందువల్ల పరీక్షను వీలైనంత త్వరగా ముగించడం, గుడ్ల సంఖ్యను అవసరానికి మించకుండా ముందే లెక్కగట్టుకోవడం, సంస్థాగత నైతిక సంఘానికి తెలియజేయడం పరిశోధకుని బాధ్యత. నియంత్రణ బృందాలు లేకుండా చేసిన ప్రయోగం శాస్త్రపరంగానే కాక నైతికంగానూ లోపమే. ఎందుకంటే ఆ పిండాల ప్రాణం ఏ జ్ఞానానికీ ఉపయోగపడకుండా పోతుంది.

11. ముగింపు:

పై వివేచన నుంచి తేలిన అంశాలు ఇవి:

• కోడిపిండపు క్యామ్ పొర నానోరేణువుల రక్తనాళ ప్రభావాన్ని తక్కువ ఖర్చుతో, కొద్ది రోజుల్లో, ప్రత్యక్షంగా చూపే పరీక్షాక్షేత్రం.

• నానోరేణువు ప్రభావం పదార్థం పేరును బట్టి కాక దాని పరిమాణం, ఆకారం, పూత, మోతాదులను బట్టి నిర్ణయమవుతుంది. బంగారం, వెండి, జింక్ ఆక్సైడ్ ఉదాహరణలు దీనిని బలపరుస్తున్నాయి.

• ద్రవం, లవణం, తెలిసిన ప్రేరక నిరోధకాలతో కూడిన నియంత్రణ బృందాలు లేని ఫలితాన్ని ఆధారంగా స్వీకరించరాదు.

• క్యామ్ పరీక్ష తొలి వడపోత మాత్రమే. చికిత్సకు పనికివస్తుందనీ, సురక్షితమనీ చెప్పడానికి అది చాలదు.

• తెలుగులో శాస్త్రవిషయాలు రాసేటప్పుడు కణానికీ రేణువుకూ, జననానికీ అంకురణానికీ భేదం పాటించడం భాషాలంకరణ కాదు, అర్థరక్షణ.

ఈ చివరి అంశం తెలుగు శాఖలకూ, విజ్ఞానశాస్త్ర శాఖలకూ ఉమ్మడి పని. పాదంపై పుండుతో బాధపడే వ్యక్తి ఈ పరిశోధనల గురించి చదివేది తెలుగు వార్తలోనే. అక్కడ 'పెంచుతుంది' అన్న ఒక్క క్రియాపదం అతనికి ఆశను కలిగించగలదు, పరీక్షించని మందు వైపు నడిపించగలదు. ఎంత మోతాదులో, దేనితో పోల్చి, ఏ జీవిలో అన్న మూడు మాటలను ఆ క్రియాపదానికి ముందు చేర్చే అలవాటును మన విద్యార్థులకు నేర్పగలిగితే, ఈ పరీక్ష తెలుగు పాఠకునికి సరైన అర్థంతో అందుతుంది.